సగమే చదివిన నోటిఫికేషన్

ఒక నిబంధనను చివరిదాకా చదవకుండానే స్టాఫ్‌రూమ్‌లో గట్టిగా మాట్లాడాను. విన్నవాళ్లలో ఒకమ్మాయి నా మాట నమ్మి ఉద్యోగం మానేసింది. ఆమె ఒకప్పుడు నా విద్యార్థిని, అప్పటికి నా తోటి అధ్యాపకురాలు. మా కాలేజీలో కెమిస్ట్రీ ఆమెకంటే బాగా చెప్పేవాళ్లు లేరు, నన్ను కలుపుకునే ఈ మాట అంటున్నాను. అది ఆమెకు ఎదురుగా చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఇంకేదో చెప్పాను.

నేనుండేది నాచారంలో, పాఠాలు చెప్పేది ఉప్పల్ చుట్టుపక్కల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. మా పిల్లలు చిలకానగర్, బోడుప్పల్, పీర్జాదిగూడ, మల్లాపూర్ నుంచి వస్తారు. చాలామంది తండ్రులు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టులు చేస్తారు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే అయిన కుటుంబాలు ఎన్నో. తార్నాక నుంచి ఉప్పల్ దాకా దారి పొడవునా దేశంలో పేరుపడ్డ ప్రయోగశాలలున్నాయి: ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ. మా పిల్లలు బస్సులో వాటి గేట్ల ముందునుంచే పోతుంటారు. లోపలికి అడుగుపెట్టేది మాత్రం సెప్టెంబరులో వాటి మాతృసంస్థ సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం వచ్చినప్పుడు, ఓపెన్ డే నాడు. ఆ అమ్మాయి కూడా బీఎస్సీ చదివేటప్పుడు అలాగే మాతో వచ్చింది. మిగతావాళ్లు ఫొటోలు దిగుతుంటే ఆమె ఒక శాస్త్రవేత్త దగ్గర నిలబడి, క్రొమటోగ్రఫీ కాలమ్‌లో రంగులు విడివిడిగా ఎందుకు దిగుతాయో అడుగుతూ ఉండిపోయింది. తర్వాత ఉస్మానియాలో ఎమ్మెస్సీ చేసింది, అధ్యాపకుల అర్హత పరీక్ష అయిన నెట్ కొట్టింది, మా కాలేజీకే లెక్చరర్‌గా వచ్చింది.

ఆమె ల్యాబ్ క్లాసు గురించి చెప్పాలి. సాల్ట్ ఎనాలిసిస్ అంటే మా దగ్గర పిల్లలు ముందే జవాబు కనుక్కుని, గైడు పుస్తకం చూసి పరిశీలనలు రాసేవారు. అందరి రికార్డులూ ఒక్కలాగే ఉండేవి. మేమూ సంతకం పెట్టేసేవాళ్లం. ఆమె అది ఒప్పుకోలేదు. పరీక్షనాళికలో ఏమీ కనబడకపోతే ‘ఏమీ కనబడలేదు’ అని రాయించేది. తప్పు వచ్చిన పిల్లవాడితోనే, ఎందుకు తప్పు వచ్చిందో మిగతావాళ్లకు చెప్పించేది. తెలుగు మీడియం నుంచి వచ్చి వెనక బెంచీలో తలవంచుకుని కూర్చునే పిల్లలు ఆమె క్లాసులో చెయ్యెత్తేవారు. నేను తలుపు దగ్గర నిలబడి విన్న రోజులున్నాయి. వినడం వరకే.

ఆ అమ్మాయికి నేను చేసిన చెడు ఎక్కడ మొదలైందో చెప్పాలంటే నా చదువు సంగతి రావాలి. దేశంలో ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో తీరుగా మార్కులు వేస్తుంటే, అధ్యాపకులు కాదలచిన వాళ్లందరినీ ఒకే కొలతతో చూడాలని 1980ల్లో మెహరోత్రా కమిటీ చెప్పింది. 1989లో నెట్ మొదలైంది. 1991 నిబంధనలతో అది తప్పనిసరి అయింది. ఆ ఆలోచనతో నాకు ఇప్పటికీ పేచీ లేదు. 2006లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఒక సడలింపు ఇచ్చింది: ఎంఫిల్ ఉన్నవాళ్లకు డిగ్రీ తరగతులు చెప్పడానికి నెట్ అక్కర్లేదు. నెట్ దాటలేకపోతున్న నాకు అంతకంటే ఏం కావాలి? అప్పు చేసి ఎంఫిల్‌లో చేరాను. పట్టా చేతికొచ్చిన కొద్దికాలానికే, 2009లో, ఆ సడలింపు పోయింది. 2009 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం డాక్టరేట్ చేసినవాళ్లకే మినహాయింపు అన్నారు. నాలాంటివాళ్లు చాలామంది కోర్టులకు వెళ్లారు. 2015లో పి. సుశీల కేసులో సుప్రీంకోర్టు యూజీసీ వైపే తీర్పు చెప్పింది. అప్పటికే నేను ఉమ్మడి రాష్ట్రంలో ఉస్మానియా నిర్వహించిన రాష్ట్రస్థాయి అర్హత పరీక్ష సెట్ రాసి గట్టెక్కాను. 2022 పీహెచ్‌డీ నిబంధనలతో ఎంఫిల్ చదువునే ఎత్తేశారు. నా పట్టా ఇప్పుడు ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది.

ఈ దెబ్బ నుంచి నేను నేర్చుకోవాల్సింది ఒకటి: నియమం ఏదైనా వస్తే దాని అసలు ప్రతి తెచ్చుకుని, ఎవరికి వర్తిస్తుందో, ఎప్పటినుంచో, ఏయే మినహాయింపులున్నాయో కూర్చుని చదవాలి. నేను నేర్చుకున్నది ఇంకొకటి. అర్హతలు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు, కాబట్టి అడగకముందే పై మెట్టు ఎక్కి కూర్చోవాలి. ఇది నాలో ఎంతగా పాతుకుపోయిందంటే, కొత్తగా వచ్చిన ప్రతి లెక్చరర్‌కూ అదే చెప్పేవాణ్ని. దాన్ని అనుభవం అనుకున్నాను. అది భయం.

2018 జూలైలో యూజీసీ కొత్త నిబంధనలు వచ్చాయి. 2021 జూలై 1 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి పీహెచ్‌డీ తప్పనిసరి అన్న మాట ఆ సాయంత్రానికే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. పేపర్లో శీర్షిక చూశాను. అసలు నోటిఫికేషన్ పీడీఎఫ్ ఫోన్లో దించుకున్నాను కూడా. మొదటి పేజీలు చూసి పక్కన పెట్టేశాను. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో మాట ఎత్తింది నేనే.

“సార్, నాకు నెట్ ఉంది కద. సరిపోదా?” అని ఆమె అడిగింది.

“నెట్ కాలం అయిపోయిందమ్మా. 2021 దాటితే పీహెచ్‌డీ లేనివాళ్లను ఏ కాలేజీ తీసుకోదు. ఉన్నవాళ్లను కూడా ఎన్నాళ్లు ఉంచుతరో తెల్వదు. నీకింకా వయసుంది. ఇప్పుడే పోయి చేరు.”

“ఇల్లు నా జీతంతోనే నడుస్తుంది సార్.”

“కొన్నేండ్లు ఓర్చుకుంటే జీవితాంతం నడుస్తది.”

అంత తేలిగ్గా అన్నాను. ఆమెకు వచ్చింది సీఎస్‌ఐఆర్ నెట్‌లో లెక్చరర్‌షిప్ అర్హత మాత్రమే, జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ కాదు. ఈ తేడా కెమిస్ట్రీ వాళ్లందరికీ తెలుసు. జేఆర్‌ఎఫ్ వస్తే అప్పట్లో నెలకు 25 వేలు, 2019 నుంచి 31 వేలు. ఇప్పుడు 37 వేలు. లెక్చరర్‌షిప్ మాత్రమే ఉంటే పరిశోధన చేసినన్నాళ్లూ నెలనెలా చేతికొచ్చేది ఏమీ లేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అయితే నెట్ లేనివాళ్లకు కూడా 8 వేలు ఇస్తారు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అదీ లేదు. రసాయనాల ఖర్చు, స్పెక్ట్రాల ఖర్చు పైన పడతాయి. ఇవన్నీ తెలిసీ, ఇల్లు నడిచేది ఆమె జీతంతోనేనని ఆమె నోటితో విన్నాక కూడా, నేను పొమ్మన్నాను. నాకు పెద్దవాడి మాటలా అనిపించిందది.

ఆమె విద్యాసంవత్సరం మధ్యలో మానేసి ఫుల్‌టైమ్ పీహెచ్‌డీలో చేరింది. మధ్యలో వదిలిందని యాజమాన్యం ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంటనే ఇవ్వలేదు. ఒక నెల జీతం కట్టించుకుని ఇచ్చారు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అసలే ఇవ్వలేదు. అప్పుడు నేను డిపార్ట్‌మెంట్ హెడ్‌ని. లోపలికి వెళ్లి ఒక మాట అడగవచ్చు. యాజమాన్యంతో గొడవ ఎందుకని ఊరుకున్నాను.

కోర్స్‌వర్క్ అయింది, పని మొదలైంది, 2020 మార్చిలో ల్యాబులు మూతపడ్డాయి. వాళ్ల నాన్న పనిచేసే యూనిట్ కూడా చాలాకాలం నడవలేదు. మళ్లీ ల్యాబులు తెరిచేసరికి ఆమెకు ఇక ఆగే స్తోమత లేకపోయింది. నాచారంలోనే ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేరింది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా, వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

ఆ ఏళ్లలో నేనేం చేస్తున్నాను? నా పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. గైడ్ మంచి మనిషి. తొందరగా తెమిలే అంశం కావాలని పట్టుబట్టింది నేనే. ఒక ఆల్డిహైడ్‌ను, ఒక కీటోన్‌ను క్షారంలో కలిపితే చాల్కోన్ వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం నుంచి తెలిసిన చర్య. ఒకచోట క్లోరిన్ పెట్టి ఒకటి, మిథాక్సీ పెట్టి ఇంకొకటి, ఇలా వరుసగా చేసుకుంటూ పోయాను. డబ్బు కట్టి ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రాలు తీయించాను. పెట్రి ప్లేటులో ఇ. కొలై మీద, స్టెఫిలోకాకస్ మీద ఎన్ని మిల్లీమీటర్ల వలయం వచ్చిందో కొలిచి పట్టికలు నింపాను. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. కానీ ఆ పని ఏ ప్రశ్నకు జవాబు కోసం చేశానో నాకు తెలియదు. చాల్కోన్ల మీద మంచి పరిశోధన చేసినవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర ప్రశ్న ఉంది. నా దగ్గర గడువు ఉంది.

2016 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేముందు ఒక పరిశోధన పత్రం అచ్చవ్వాల్సి ఉండేది, రెండు సెమినార్లలో చదవాల్సి ఉండేది. లక్షల మందికి ఒకేసారి అచ్చు అవసరమైతే డబ్బు తీసుకుని అచ్చేసేవాళ్లు పుట్టుకొస్తారు. హైదరాబాద్‌లో పుట్టిన ఒమిక్స్ సంస్థను, సరైన సమీక్ష లేకుండానే ఉన్నట్టు చెప్పుకున్నందుకు, 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమంది. నేను పంపిన పత్రికలు వేరు. అయినా పంపిన కొన్నాళ్లకే, ఒక్క సవరణ కూడా అడగకుండా, ఫీజు కట్టమని ఉత్తరం వచ్చినప్పుడు నాకు సంతోషం కలిగింది. నాలుగు తప్పులు పట్టి తిప్పి పంపి ఉంటే ఆ పనికి కొంత విలువ వచ్చేదని ఇప్పుడు తెలుస్తోంది. ఇంతలో నా క్లాసులు పలచబడ్డాయి. పాత నోట్సు చెప్పి వచ్చేవాణ్ని. ల్యాబ్ రికార్డులు మళ్లీ ఒక్కలాగే రావడం మొదలైంది. సంతకాలు నావే.

ఆమె స్థానంలో మనిషిని తీసుకోవడానికి వేసిన కమిటీలో నేనున్నాను. యాజమాన్యానికి డాక్టరేట్ల సంఖ్య కావాలి. కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్లు వచ్చినప్పుడు చూపాలి. 2016లో మొదలైన ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లోనూ అధ్యాపకుల పీహెచ్‌డీలకు, అనుభవానికి కలిపి మార్కులున్నాయి. ప్రకటనలో ‘పీహెచ్‌డీ తప్పనిసరి’ అని పెట్టించింది మాత్రం నేను. నెట్, సెట్ ఉన్నవాళ్ల దరఖాస్తులు పక్కన కట్టగట్టి పెట్టాం. వాళ్లలో ఒక్కరినీ డెమోకు పిలవలేదు. ఎంపికైన ఆయన నిజాయితీపరుడు, పరిశోధనలో నిజంగా దిట్ట. ఆయనకు కావాల్సింది ల్యాబ్, మేమిచ్చింది వారమంతా నిండిపోయిన టైమ్‌టేబుల్. బోర్డు వైపు తిరిగి చెప్పుకుపోయేవాడు. ఏడాది తిరక్కుండానే ఒక కంపెనీ పరిశోధన విభాగానికి వెళ్లిపోయాడు. ఆ ఏడు మా రెండో సంవత్సరం పిల్లలు ఆర్గానిక్ కెమిస్ట్రీని గైడు పుస్తకాలతోనే గట్టెక్కించుకున్నారు. కొందరు గట్టెక్కలేదు.

కోవిడ్ వల్ల యూజీసీ ఆ పీహెచ్‌డీ నియమం గడువును 2021 నుంచి 2023 జూలైకి జరిపింది. ఆ రోజు వచ్చేసరికి నియమాన్నే మార్చింది. 2023 జూలై 1 నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ నేరు నియామకానికి నెట్, సెట్, స్లెట్‌లలో ఏదైనా కనీస అర్హత, పీహెచ్‌డీ ఐచ్ఛికం. అసోసియేట్ ప్రొఫెసర్‌కు, ప్రొఫెసర్‌కు డాక్టరేట్ ఎప్పటిలాగే ఉండాలి. అప్పటి యూజీసీ చైర్మన్, మన తెలంగాణ బిడ్డే అయిన ఎం. జగదీశ్ కుమార్ ఆ ఏడాది ఉస్మానియా ప్రాంగణానికి వచ్చినప్పుడు కూడా నెట్ చాలునని చెప్పారు. నా ఇంటికి కూతవేటు దూరంలో.

అప్పుడు, అన్నేళ్ల తర్వాత, 2018 నోటిఫికేషన్ ప్రింటు తీయించి కూర్చుని చదివాను. పీహెచ్‌డీ తప్పనిసరి అన్న ఆ నియమం విశ్వవిద్యాలయాల్లో నియామకాలకు. డిగ్రీ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీజీ, నెట్ లేదా సెట్ అన్నది 2018లోనూ అలాగే ఉంది. అంటే ఆమెకు ఆ ఉద్యోగానికి అర్హత ఏనాడూ పోలేదు. నేను ఏ రోజైతే నెట్ కాలం అయిపోయిందన్నానో ఆ రోజు కూడా ఉంది. వాయిదా పడకపోయినా, రద్దు కాకపోయినా ఉండేది. ప్రభుత్వం నియమాలు మారుస్తూ పోయింది కాబట్టి తప్పు వాళ్లదని నాకు నేను చెప్పుకోవచ్చు. ఎంఫిల్ విషయంలో ఆ మాట చెల్లుతుంది. ఈ విషయంలో చెల్లదు. కాగితం నా ఫోన్లోనే ఉంది.

అప్పటినుంచి ఎక్కడ ఎవరి అర్హతల గురించి చదివినా ఆగి చూస్తున్నాను. సర్ సి.వి. రామన్ చదివింది ఎమ్మే దాకానే. కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిట్ ప్రొఫెసర్ పదవికి విదేశాల్లో శిక్షణ పొంది ఉండాలన్న షరతు ఉండేది. శిక్షణ కోసం విదేశానికి వెళ్లనని ఆయనన్నారు. అక్కడి అశుతోష్ ముఖర్జీ ఆ షరతు తీయించి 1917లో ఆయన్ను తెచ్చుకున్నారు. మన సి. నారాయణరెడ్డి గారు 1955 నుంచి సికింద్రాబాద్‌లో, ఆ తర్వాత నిజాం కాలేజీలో పాఠాలు చెప్పారు. డాక్టరేట్ వచ్చింది 1962లో. పాఠం చెబుతూ చెబుతూ ఆధునిక కవిత్వం మీద ఆయనకు పుట్టిన ప్రశ్నలే ఆ సిద్ధాంత గ్రంథమై ఉంటాయని నా నమ్మకం. రామన్లను, సినారెలను చూపించి అర్హతలన్నీ ఎత్తేయమనడం లేదు. ఎంపిక చేసేవాళ్లు మనిషిని చూసే బాధ్యత తీసుకున్నారు, అది నన్ను ఆపుతోంది. మా కమిటీలో నేను ఆ బాధ్యతను ఒక కాగితానికి అప్పగించి చేతులు దులుపుకున్నాను.

మన రాష్ట్రంలో ఇంకో బాధ ఉంది. ఎక్కడానికి మెట్లు పెంచుతూ పోయారు, పైన తలుపు మాత్రం తెరవలేదు. ఉస్మానియాలో రెగ్యులర్ నియామకాలు 2013 తర్వాత ఆగిపోయాయి. 2017లో 11 విశ్వవిద్యాలయాల్లో 1,061 పోస్టులకు అనుమతి అన్నారు, భర్తీ కాలేదు. 2022లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అసెంబ్లీ దాటి గవర్నర్ దగ్గర ఆగింది. కాంట్రాక్టు మీద, పీరియడ్ లెక్కన, జుట్టు నెరిసేదాకా చెబుతున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో పీహెచ్‌డీలు ఎందరో. 2025 ఏప్రిల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామకాలకు 21వ నంబరు జీవో వచ్చింది: చదువు, పరిశోధనలకు 50 మార్కులు, సబ్జెక్టు పట్టుకు, బోధనకు 30, ఇంటర్వ్యూకు 20. కాంట్రాక్టు అధ్యాపకులు దాని మీద ఆందోళన చేశారు, వాళ్ల బాధ వాళ్లది, న్యాయమైనదే. బోధనకంటూ విడిగా మార్కులు పెట్టడం మాత్రం నాకు నచ్చింది. ఆ 30 మార్కులు వేసేవాళ్లు నిజంగా వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటారని ఆశ.

ఆమెను నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి దగ్గర కలిశాను. నాన్నకు మందుల కోసం వచ్చింది. నన్ను చూసి “బాగున్నరా సార్” అంటూ తనే దగ్గరికి వచ్చింది. హెచ్‌పీఎల్‌సీ మీద పనిచేస్తోందట, జీతం మేమిచ్చినదానికంటే నయమట. నేను నిలబడ్డచోటే అంతా చెప్పాను. నోటిఫికేషన్ చదవలేదని, చదవకుండానే చెప్పానని.

ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. “నేను కూడ చదువుకోవల్సింది సార్. పీడీఎఫ్ అందరికీ ఉంటది” అంది.

“నువ్వు నన్ను నమ్మినవమ్మా.”

“అవు సార్.”

మళ్లీ కాలేజీకి వస్తావా అని అడిగాను. ఇప్పుడు కుదరదంది. ఇంటి లోను ఉంది, కంపెనీలో పేరు వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకు మిషన్ నేర్పేది కూడా తనేనట. అది చెప్పేటప్పుడు ముఖంలో పాత వెలుగు కనిపించింది. వెళ్లబోతూ ఆగింది. “ఒక్కటి చేస్తరా సార్? నా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పియ్యండి. నేను పాఠం చెప్పిన ఏండ్లు యాడా లెక్కల లేవు.”

కాలేజీ స్టోర్‌రూమ్‌లో పాత టైమ్‌టేబుళ్లు, హాజరు రిజిస్టర్లు వెతికి తీశాను. కొన్ని ల్యాబ్ రికార్డులు కూడా దొరికాయి, ‘ఏమీ కనబడలేదు’ అని పిల్లలు రాసినచోట పక్కనే ఆమె సంతకం ఉన్నవి. వాటి జిరాక్సులు జతచేసి, ఆమె ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేసిందో రాసి, మానేయడానికి కారణం నేనిచ్చిన తప్పుడు సమాచారమేనని కూడా రాసి, ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇచ్చాను. కారణం సంగతి కొట్టేయమన్నారు. కొట్టేయలేదు. కరస్పాండెంట్ సంతకం కావాలట. సోమవారం ఆయన వస్తారన్నారు, వెళ్తున్నాను.